మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు: మా టీవీ బ్యాక్‌లైట్ బాగుచేయించిన అనుభవం

2017లో కొన్న మా 40 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 2025 జూన్ ఆఖరు వారంలో ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. మొదట పది పదిహేను నిమిషాలు చక్కగా ఆడి, ఉన్నట్టుండి తెర నల్లబడిపోయేది. మాటలు మాత్రం ఆగకుండా వస్తూనే ఉండేవి. ప్లగ్గు తీసి కాసేపు ఆగి మళ్ళీ పెడితే బొమ్మ తిరిగి వచ్చేది. రోజులు గడిచేకొద్దీ ఆ పది నిమిషాలు రెండు నిమిషాలయ్యాయి. జూలై 6, తొలి ఏకాదశి నాటి సాయంత్రానికి తెర ఒక్క క్షణం వెలిగి ఆరిపోయే దాకా వచ్చింది. మరునాటి నుంచి ఆ క్షణపు వెలుగు కూడా లేదు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం చివరి దాకా ఈ టీవీ కోసం ఎవరెవరిని కలిశాను, ఎవరేమన్నారు, చివరకు లోపం ఎక్కడ బయటపడింది, ఎంత ఖర్చయింది అన్నవి వరుసగా రాస్తున్నాను. ఇదే లక్షణంతో నల్లబడిన టీవీని ఇంట్లో పెట్టుకుని, కొత్తది కొనాలా అని ఆలోచిస్తున్నవారికి ఇది పనికివస్తుందని నా నమ్మకం.

మాది రాజోలుకు దగ్గరలోని పల్లెటూరు. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇంట్లో టీవీ ఎక్కువగా చూసేది మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆమె గడప దాటడం తగ్గిపోయింది. సాయంత్రం వచ్చే ప్రవచనమే ఆమెకు గుడి, సత్రం, ఇరుగుపొరుగు అన్నీ. టీవీ ఆగిన తరువాత కూడా ఆమె ఆ వేళకు కుర్చీలో కూర్చుని, నల్లని తెరకేసి చూస్తూ మాటలు వినేది. "వినిపిస్తోంది కదరా, చాల్లే" అనేది. ఆ మాట నాకు చాలా కష్టంగా ఉండేది. తొందరపడి కొత్త టీవీ కొనేయకుండా, అలాగని ఊరికే వదిలేయకుండా దీని వెంట పడటానికి ఆ మాటే కారణం.

మాటలు వస్తున్నప్పుడు బొమ్మ నిజంగా లేదా, లేక ఉండి కూడా కనిపించడం లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, టీవీ పెట్టి, టార్చిలైటును తెరకు బాగా దగ్గరగా ఏటవాలుగా పట్టి చూశాను. వెలుగు పడిన చోట వార్తలు చదివే మనిషి ముఖం, కింద పరుగెత్తే అక్షరాలు, పాత ఫోటో నెగటివ్‌లో ఉన్నంత మసకగా కదులుతూ కనిపించాయి. అంటే అద్దపు ప్యానెల్ పనిచేస్తోంది, బొమ్మను తయారుచేసే మెయిన్ బోర్డు పనిచేస్తోంది, ఆ బొమ్మకు వెనుక నుంచి పడవలసిన వెలుగు మాత్రమే లేదు. ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీ తెరే. ఎల్‌ఈడీలు ఉండేది దాని వెనుక వెలుగు ఇవ్వడానికి. ఆ వెలుగునే బ్యాక్‌లైట్ అంటారు. ఈ ఒక్క పరీక్ష చేసి ఉండటం వల్ల ఆ తరువాత నేను విన్న మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో కొంత తూచుకోగలిగాను.

కంపెనీ సర్వీసుకు ఫోను చేస్తే నాలుగైదు రోజులకు గానీ మనిషి రాలేదు. ఆ కుర్రవాడు మర్యాదస్తుడే. వెనుక మూత తీయకుండానే, రిమోటుతో మెనూ తెరిచేందుకు ప్రయత్నించి, ఫోనులో ఎవరితోనో మాట్లాడి, ప్యానెల్ మార్చాలని చెప్పాడు. వారంటీ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ప్యానెల్‌కు 16,500 రూపాయలు, పైగా అది వస్తుందో రాదో చెప్పడానికి మరో పదిహేను రోజులు పడుతుందన్నాడు. వచ్చి చూసినందుకు జీఎస్టీతో కలిపి 590 రూపాయలు తీసుకుని రసీదు ఇచ్చాడు. టార్చిలైటుతో చూపించబోతే, "మేము స్ట్రిప్పులు విడిగా వేయమండి, ప్యానెల్ మొత్తంగానే వస్తుంది" అన్నాడు. స్ట్రిప్పులంటే తెర వెనుక ఎల్‌ఈడీలను వరుసగా అమర్చిన సన్నని పట్టీలు. ప్యానెల్ మొత్తంగా మార్చడం వారి పద్ధతి. కానీ బాగున్న అద్దాన్ని కూడా కలిపి మార్చడానికి, కొత్త టీవీ ధరలో చాలా భాగం పెట్టడానికి నా మనసు ఒప్పలేదు.

తరువాత మాకు దగ్గరలోని పట్టణంలో ఒక రిపేరు షాపుకు వెళ్ళాను. టీవీని తీసుకువెళ్ళలేదు, లక్షణం చెప్పి, వెనుక మూత మీది మోడల్ నెంబరు ఫోటో చూపించాను. ఆయన చూడగానే, "పవర్ సప్లై బోర్డులో బ్యాక్‌లైట్ సెక్షన్ పోయిందండి, బోర్డు మార్చేస్తే సరి" అని 4,200 రూపాయలు చెప్పాడు. బోర్డు మార్చాక కూడా వెలగకపోతే ఏమిటని అడిగితే, అప్పుడు స్ట్రిప్పులు చూద్దామన్నాడు. తీసిన బోర్డు వెనక్కి ఇవ్వరు, వేసిన బోర్డుకు డబ్బు తిరిగి రాదు. ఈలోగా చుట్టాలందరూ తలొక మాట చెప్పారు. భీమవరం వైపు ఉండే మా బావమరిది, చెరువుల్లో ఏరేటర్లు తిరిగే వేళ వాళ్ళ ఊళ్ళో కరెంటు పడిపోతుందని, మా టీవీ కూడా లో వోల్టేజీ వల్లే పోయి ఉంటుందని, ముందు స్టెబిలైజరు కొనమని పట్టుబట్టాడు.

ఇలా వారం పైగా గడిచిన తరువాత మా తోడల్లుడు పాలకొల్లులో ఉండే ఒక పెద్దాయన గురించి చెప్పాడు. వాల్వు రేడియోల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవారు, అరవై దాటినవారు. షాపు మానేసి, తెలిసినవారి ఇళ్ళకు మాత్రమే వెళ్తారు. ఫోనులో నేను చెప్పింది అంతా విని, "టీవీని ఆటోలో ఎక్కించకండి మాస్టారూ. మన రోడ్ల మీద తెచ్చేసరికి ఉన్న ప్యానెల్ కూడా పోతుంది. ఆదివారం నేనే వస్తాను, మెత్తటి దుప్పట్లు రెండు ఉతికి ఉంచండి" అన్నారు. దుప్పట్లు ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

జూలై 20న ఆయన చించినాడ వంతెన మీదుగా బస్సులో వచ్చారు. చేతిలో ఒక సంచి, అందులో సోల్డరింగ్ ఐరన్, డిజిటల్ మీటరు, దానితోపాటు పాత ముల్లు మీటరు, హోల్డరుకు బిగించిన వంద వాట్ల మామూలు బల్బు ఒకటి, జేబులో పట్టేంత ఎల్‌ఈడీ టెస్టరు ఉన్నాయి. వెనుక మూత తీయగానే ముందుగా ఆయన చూసింది పురుగుల కోసం. మా ప్రాంతంలో వానాకాలం టీవీ వెచ్చదనానికి చీమలు, బల్లులు గాలి రంధ్రాల గుండా లోపలికి చేరతాయట. బోర్డు మీద అడ్డంగా పడి చచ్చిన బల్లి ఒక్కటి చాలు, ఫ్యూజు ఎగిరిపోవడానికి. అంతర్వేది వైపు అయితే ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చబడతాయని చెప్పారు. మా టీవీలో బల్లి రెట్టలు, దుమ్ము తప్ప అలాంటివేమీ లేవు. మెత్తని బ్రష్షుతో అంతా దులిపారు.

ఆ తరువాత ఆయన చేసిన పని చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది. టీవీని నేరుగా ప్లగ్గుకు తగిలించకుండా ఆ వంద వాట్ల బల్బును మధ్యలో సీరీస్‌గా, అంటే కరెంటు బల్బు గుండానే టీవీకి వెళ్ళేలా పెట్టారు. బోర్డులో ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డుకు ఏమీ కాదు. లేకపోతే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. మాది మెరిసి మందగించింది. అప్పుడు బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి కొలతలు మొదలుపెట్టారు. ముందే నాకూ మా అబ్బాయికీ ఒక హెచ్చరిక చేశారు. మన ఇంటి 230 వోల్టుల కరెంటు బోర్డులో డీసీగా మారాక, కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ దగ్గర 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు అందులో నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్ళూ కలిపి టప్పుమనిపించే అలవాటు చాలామందికి ఉందట; ఆయన మాత్రం ప్లగ్గు తీసిన ప్రతిసారీ బల్బు తీగలను తాకించి ఖాళీ చేసి, మీటరు పెట్టి సున్నా చూసుకున్నాకే బోర్డు మీద చేయి వేశారు.

కొలతలు ఒక్కొక్కటే నా చేత కాగితం మీద రాయించారు. టీవీ ఆపి ఉన్నప్పుడు ఉండవలసిన 5 వోల్టులు ఉన్నాయి. రిమోటు నొక్కగానే 12 వోల్టులు, 24 వోల్టులు వచ్చాయి. మెయిన్ బోర్డు నుంచి సప్లై బోర్డుకు వెళ్ళే తీగల దగ్గర, వెలుగు ఇమ్మని చెప్పే పిన్ను మీద 3 వోల్టుల పైచిలుకు ఉంది. ఎంత వెలుగు ఇవ్వాలో చెప్పే డిమ్మింగ్ పిన్ను మీదా వోల్టేజీ ఉంది. అంటే మెయిన్ బోర్డు వెలుగు అడుగుతోంది. సప్లై ఎందుకు ఇవ్వడం లేదు? ఇక్కడ ఆయన ముల్లు మీటరు తీశారు. ఎల్‌ఈడీలకు వెళ్ళే కనెక్టరు దగ్గర దాన్ని పెట్టి టీవీ ఆన్ చేయించారు. ముల్లు 24 దగ్గర మొదలై, చకచకా 120 దాకా ఎక్కి, ఒక్క క్షణం నిలిచి, మళ్ళీ 24కు దిగి అక్కడే ఉండిపోయింది. డిజిటల్ మీటరులో అంకెలు తారుమారవుతాయే తప్ప ఈ ఎక్కుదిగుడు కంటికి ఇంత స్పష్టంగా కనిపించదు.

"బోర్డు పోలేదు మాస్టారూ. ఇది భయపడి ఆగిపోతోంది" అన్నారు ఆయన. దాని వివరం నాకు తెలిసిన పాఠంలోదే, కానీ అంతవరకు నేను దాన్ని కళ్ళారా చూడలేదు. బ్యాక్‌లైట్ డ్రైవరు అనేది 24 వోల్టులను కాయిల్, మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు), డయోడ్‌ల సాయంతో పైకి పెంచే సర్క్యూటు. అది నడవనప్పుడు కూడా కాయిల్, డయోడ్ గుండా 24 వోల్టులు అవతలికి వచ్చేస్తాయి. కనుక 24 కనిపించిందంటే ఆ దారి బాగుందని అర్థం. నడిచినప్పుడు అది వోల్టేజీని పెంచుకుంటూ పోయి, ఎల్‌ఈడీల గుండా తనకు నిర్ణయించిన కరెంటు పారగానే ఆగుతుంది. ఎల్‌ఈడీల వరుస ఎక్కడో తెగి ఉంటే ఎంత పెంచినా కరెంటు పారదు; హద్దు దాటగానే దాన్ని నడిపే ఐసీ (చిప్పు) తనంతట తానే డ్రైవరును ఆపేస్తుంది. వినాయక చవితి పందిట్లో వేసే సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే వరుసంతా ఆరిపోయినట్టే ఇదీను. నాకు 4,200 రూపాయలకు చెప్పిన కొత్త బోర్డు వేసినా సరిగ్గా ఇలాగే ఎక్కి, ఇలాగే దిగేది. యూనివర్సల్ బ్యాక్‌లైట్ బోర్డు అని మూడు నాలుగు వందలకు దొరికేది వేసినా అంతే, తెగిన వరుసను ఏ బోర్డూ వెలిగించలేదు. ఆ ముల్లు దిగిన క్షణాన నాకు కలిగిన ఊరట మామూలుది కాదు. డబ్బు సంగతి అలా ఉంచితే, అన్ని రోజుల తరువాత మొదటిసారి ఒక మనిషి ఊహించి కాకుండా కొలిచి చెప్పాడు.

లో వోల్టేజీ మాట కూడా అక్కడే తేలింది. వెనుక మూత మీది చీటీలో 100–240 వోల్టులు అని ముద్రించి ఉంది. ఇలాంటి సప్లైకి వోల్టేజీ కాస్త పడటం వల్ల వచ్చే ముప్పు తక్కువని, పిడుగులు పడేటప్పుడు, పోయిన కరెంటు ఒక్కసారిగా తిరిగి వచ్చేటప్పుడు దూసుకువచ్చే ఎక్కువ వోల్టేజీకే భయపడాలని ఆయన చెప్పారు. ఉరుములు వినబడగానే ప్లగ్గుతోపాటు డిష్ కేబులు కూడా తీసేయమన్నారు. స్టెబిలైజరు కొనలేదు.

లోపం స్ట్రిప్పుల్లో ఉందని ఎల్‌ఈడీ టెస్టరుతో మరోసారి రూఢి చేసుకున్నాకే ప్యానెల్ విప్పడానికి ఒప్పుకున్నారు. ఇదే అన్నిటికన్నా భయపెట్టే భాగం. దుప్పట్ల సంగతి ఇక్కడ తెలిసింది. భోజనాల బల్ల మీద ఒకటి, మంచం మీద ఒకటి పరిపించి, ఫ్యాను ఆపించి, తలుపులు వేయించారు. చుట్టూ ఉన్న చట్రం క్లిప్పులు ఊడదీశాక మిగిలేది అట్టముక్క కన్నా ఎక్కువ మందం లేని పలుచని అద్దం. దాని ఒక అంచున సన్నని రిబ్బన్లు, వాటి చివర బారుగా చిన్న బోర్డులు వేలాడుతూ ఉంటాయి. ఆ రిబ్బన్లలో ఏ ఒక్కటి కాస్త మడతపడినా తెర మీద నిలువు గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి, దానికి మందు లేదు. అందుకే ఒక్క మనిషితో ఆ పని కాదు. ఆయన, మా అబ్బాయి చెరో వైపు పట్టుకుని, నేను రిబ్బన్ల కింద అట్ట పెట్టి, ముగ్గురం ఊపిరి బిగబట్టి దాన్ని మంచం మీదకు చేర్చాం. మా అమ్మ గుమ్మంలో కూర్చుని దండం పెట్టుకుంటూ ఉంది.

అద్దం కింద పలుచని తెల్లని షీట్లు మూడు, వాటి కింద మందపాటి ప్లాస్టిక్ పలక ఉన్నాయి. షీట్లు అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకేలాంటివి కావు. వరుస తప్పినా, తిరగేసి పెట్టినా వెలుగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. తీసేటప్పుడే ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీయమన్నారు, ఒక్కొక్క దాని మూలన చిన్న కాగితం అంటించి అంకె వేయించారు. షీట్ల మధ్యకు చేరి చచ్చిన సన్న పురుగులు కొన్ని దొరికాయి. వేలిముద్ర పడితే అది కూడా తరువాత తెర మీద నీడగా కనిపిస్తుందట. అందుకే అంచులు తప్ప ముట్టుకోనివ్వలేదు.

పలక తీయగానే అసలు సంగతి కనిపించింది. మూడు అల్యూమినియం స్ట్రిప్పులు, ఒక్కొక్క దాని మీద పదేసి ఎల్‌ఈడీలు, ప్రతి ఎల్‌ఈడీ మీద గిన్నె బోర్లించినట్టు ఒక లెన్సు. మొత్తం ముప్పై ఒకే వరుసలో కలిపి ఉన్నాయి. టెస్టరు మొనలు ఒక్కొక్క దానికి తాకిస్తూ పోతే చాలావరకు వెలిగాయి. మధ్య స్ట్రిప్పులో ఒకటి వెలగలేదు. లెన్సు తీసి చూస్తే దాని నడుమ గసగసాల గింజంత నల్లని చుక్క ఉంది. మొదట్లో పది నిమిషాలు వెలిగి ఆరిపోవడం, చల్లారాక మళ్ళీ వెలగడం కూడా దీని పనే: లోపలి వెంట్రుక లాంటి తీగ వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోయి, చల్లారాక అతుక్కునేది, చివరకు పూర్తిగా తెగిపోయింది. మిగిలినవాటిలో కూడా నాలుగైదు పసుపు పచ్చగా, మందంగా వెలుగుతున్నాయి. కింది స్ట్రిప్పులో ఒక లెన్సు జిగురు ఊడి పక్కకు జారింది.

పోయిన ఒక్కదాన్నే మార్చితే సరిపోదా అని అడిగాను. చేయవచ్చుగానీ చేయనన్నారు. ముప్పై ఎల్‌ఈడీలూ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. ఈరోజు ఒకటి మారిస్తే మూడు నెలల్లో ఇంకొకటి పోతుంది, అప్పుడు మళ్ళీ ఈ అద్దాన్ని ఎత్తాలి, ఎత్తిన ప్రతిసారీ గండమే. మూడు స్ట్రిప్పులూ కొత్తవి వేద్దామన్నారు. స్ట్రిప్పు మీద ముద్రించిన నెంబరు రాసుకుని, పొడవు, ఎల్‌ఈడీల మధ్య దూరం, కనెక్టరులో ప్లస్ మైనస్ ఏ వైపున్నాయో కొలిచి కాగితం నా చేతికి ఇచ్చారు. పాత స్ట్రిప్పు ఒకటి ఊడదీసి, గుడ్డలో చుట్టి దాన్ని కూడా వెంట తీసుకువెళ్ళమన్నారు. విప్పిన టీవీని అలాగే మంచం మీద ఉతికిన దుప్పటి కప్పి వదిలాం. ఆ వారమంతా ఆ గదిలోకి పిల్లలను రానివ్వకుండా కాపలా కాయడం ఒక పని అయింది. మంచం ఖాళీ లేక నేను వరండాలో పడుకున్నాను.

ఆన్‌లైన్‌లో వెతికితే మా నెంబరుతో స్ట్రిప్పులు దొరికాయి గానీ ఫోటో చూసి కొనడానికి ఆయన వద్దన్నారు. జూలై 26 శనివారం పి.గన్నవరం, రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం వెళ్ళి, విడిభాగాలు అమ్మే దుకాణాల్లో అడిగాను. మొదటి రెండు చోట్ల లేవు. మూడో చోట చూపించిన సెట్టు పొడవులో, లెన్సుల దూరంలో అచ్చంగా మాదే. అయితే దుకాణంవారి టెస్టరు మీద పెట్టించి చూస్తే ఒక్కొక్క ఎల్‌ఈడీ 6 వోల్టులు తీసుకుంటోంది. మావి 3 వోల్టులవి. అవి వేసి ఉంటే ముప్పైకి 180 వోల్టులు కావాలి, మా డ్రైవరు 120 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి కొత్త స్ట్రిప్పులతో కూడా టీవీ వెలిగేది కాదు. చూపులకు రెండు రకాలూ కవలల్లా ఉంటాయి. దుకాణంవారు విసుక్కోకుండా లోపల నుంచి 3 వోల్టుల సెట్టు వెతికి తెచ్చారు. మూడు స్ట్రిప్పులకు 1,350 రూపాయలు, మూడు నెలల హామీ అని బిల్లు మీద రాసి ఇచ్చారు. అన్నిటినీ అక్కడే వెలిగించి చూసుకున్నాకే డబ్బు కట్టాను. పొడవాటి స్ట్రిప్పులు బస్సులో వంగకుండా తేవడానికి పీవీసీ గొట్టం ముక్క ఒకటి కొని అందులో పెట్టుకున్నాను. మీరూ వెళ్ళేటప్పుడు అలాంటిది తీసుకువెళ్ళండి.

ఆగస్టు 3న ఆయన మళ్ళీ వచ్చారు. పాత స్ట్రిప్పుల కింది జిగురు గోకి, స్పిరిటుతో తుడిచి, కొత్తవి అంటించి, అద్దం వేయకముందే సప్లై బోర్డుతో వెలిగించారు. ముప్పైమంది సూర్యులు ఒక్కసారి లేచినట్టు గది అంతా తెల్లబడింది. కనెక్టరు దగ్గర మీటరు 92 వోల్టులు చూపి అక్కడే స్థిరంగా నిలిచింది. షీట్లు అంకెల ప్రకారం పరిచి, అద్దం దించి, చట్రం బిగించేసరికి చీకటి పడింది. ప్రవచనం వేళకు బొమ్మ వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, కళ్ళజోడు తెమ్మంది.

అయితే కథ అక్కడితో తీరలేదు. ఆయన వెళ్ళిపోయాక, గంటసేపు ఆడిన తరువాత తెర వెలుగు సన్నగా వణకడం మొదలైంది, ఇంకొంతసేపటికి ఆరిపోయింది. మళ్ళీ మాటలు మాత్రమే. నా గుండె జారిపోయింది. ఇంత ఖర్చూ, ఇంత శ్రమా వృథా అయినట్టేనా, అసలు ఆ 4,200 రూపాయల బోర్డు మాటే నిజమా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే ఫోను చేస్తే ఆయన అడిగినది ఒకటే ప్రశ్న: "చల్లారాక వెలుగుతోందా మాస్టారూ?" వెలుగుతోందన్నాను. "అయితే ఈసారి అద్దం ఎత్తనక్కర్లేదండి. గురువారం సాయంత్రం వస్తాను. మీ అమ్మాయి దగ్గర జుట్టు ఆరబెట్టుకునే మిషను ఉందా?"

మరునాడు వరలక్ష్మీ వ్రతం అనగా ఆగస్టు 7న వచ్చారు. వెనుక మూత మాత్రమే తీసి, టీవీ ఆడుతుండగా హెయిర్ డ్రయ్యరుతో బోర్డు మీద ఒక్కొక్క చోటికే వేడిగాలి పట్టించారు. డ్రైవరు సెక్షను చివర, ఎల్‌ఈడీల కనెక్టరుకు ముందు ఉన్న కెపాసిటర్ మీదకు గాలి పోగానే తెర వణికింది. స్పిరిటులో తడిపిన దూదిని దానికి తాకిస్తే వణుకు ఆగింది. మళ్ళీ వేడి, మళ్ళీ వణుకు. ప్లగ్గు తీసి, ఖాళీ చేసి, దాన్ని ఊడదీసి మీటరు మీద పెడితే సామర్థ్యం 47 మైక్రోఫారడ్లని రాసి ఉన్నది 19 మాత్రమే చూపింది. పైభాగం ఉబ్బి కూడా లేదు. కంటితో చూసి కనిపెట్టగలిగేది కాదు. వోల్టేజీ హద్దు పాతదాని 160కి బదులు 200 ఉన్నది, 105 డిగ్రీల వేడి తట్టుకునేది తన సంచిలోంచి తీసి వేశారు. ప్లస్ మైనస్ రెండుసార్లు సరిచూసుకున్నారు. పక్కనే కాయిల్ కాలు చుట్టూ సోల్డరులో ఉంగరంలా సన్నని పగులు కనిపిస్తే దాన్నీ కరిగించి అతికారు.

మొదటి రోజే ఇది ఎందుకు దొరకలేదని నేను అడిగాను, ఆక్షేపణగా కాదు, తెలుసుకోవడానికి. ఎల్‌ఈడీలు వెలగనంతకాలం ఆ కెపాసిటర్ మీద బరువే లేదు. బోర్డు క్షణం నడిచి ఆగిపోయేది, వేడెక్కే అవకాశమే లేదు. స్ట్రిప్పులు సరిగ్గా ఉండి గంటసేపు నిండుగా కరెంటు లాగినప్పుడే దాని బలహీనత బయటపడింది. ఈ సంగతి తెలుసుకోవడం అవసరమని నాకు అనిపించింది. ఒక లోపం సరిచేశాక మరొకటి కనిపిస్తే మెకానిక్ పాడుచేశాడని నిందించేవారిని నేను చూశాను. అలా అనుకుని నేను వేరే మనిషి దగ్గరకు వెళ్ళి ఉంటే అతను కొత్తగా వేసిన స్ట్రిప్పులనే అనుమానించి అద్దం మళ్ళీ ఎత్తించేవాడు.

ఆ రాత్రి మూడు గంటలకు పైగా ఆడించి చూశాం, వెలుగు చెదరలేదు. వెళ్ళేముందు ఆయన మెనూలో బ్యాక్‌లైట్ అన్నదాన్ని నూటి నుంచి అరవైకి తగ్గించారు. మేము అంతవరకు కళ్ళు గుచ్చుకుంటే బ్రైట్‌నెస్ తగ్గించేవాళ్ళం. మా టీవీలో దానితో బొమ్మలోని నలుపు మారుతుందే గానీ ఎల్‌ఈడీల మీద బరువు తగ్గదట. కొందరు మెకానిక్కులు బోర్డు మీద కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్లలో ఒకటి పీకేసి ఎల్‌ఈడీలకు వెళ్ళే కరెంటును శాశ్వతంగా తగ్గిస్తారు. మెనూలో దారి ఉన్నప్పుడు బోర్డును కెలకడం ఎందుకని ఆయన ఆ పని చేయలేదు. అరవై మీద మా హాల్లో పగలు కూడా బొమ్మ బాగానే కనిపిస్తోంది.

ఖర్చు విషయానికి వస్తే, కంపెనీ మనిషికి ఇచ్చిన 590, స్ట్రిప్పులకు 1,350, కెపాసిటర్‌కు 40, మెకానిక్ గారికి 1,500 అయ్యాయి. ఆయన 1,000 చాలన్నారు. అంత దూరం అన్నిసార్లు వచ్చినందుకు మా ఆవిడ ఊరుకోక మిగతాది చేతిలో పెట్టింది. రాజమహేంద్రవరం బస్సు ఛార్జీలు, గొట్టం ముక్క కలిపినా నాలుగు వేల లోపే, అంటే మార్చనవసరం లేని ఆ బోర్డు ధర కన్నా తక్కువే. కాలం మాత్రం నెల రోజులు పట్టింది. అందులో నిజంగా పని జరిగినది కొన్ని గంటలే, మిగిలినదంతా మనుషుల కోసం, సరుకు కోసం ఎదురుచూడటమే.

టీవీ ఇప్పుడు రోజూ నాలుగైదు గంటలు ఆడుతోంది. తెల్లని బొమ్మ వచ్చినప్పుడు కింద ఎడమ మూలన అరచేయంత మేర కాస్త నీడగా ఉంటుంది, షీట్ల మధ్య దుమ్ము ఎక్కడో చిక్కినట్టుంది. దానికోసం అద్దం మళ్ళీ ఎత్తవద్దని మెకానిక్ గారూ నేనూ అనుకున్నాం. స్ట్రిప్పుల బిల్లు, ఆ రోజు రాసిన కొలతల కాగితం వెనుక మూత లోపలి వైపు ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటించాం. రేపు ఇంకెవరు విప్పినా ఏ పిన్ను దగ్గర ఎంత ఉండాలో వారికి వెతుక్కునే పని ఉండదు.